గుటక

రాత్రి షిఫ్టు.
మాంటెవీడియో ఊరి చివర అద్దాల భవనం,
నాకో హెడ్‌ఫోను, ఏడు జవాబులున్న కాగితం.
ఏ ఫోనైనా ఆరు నిమిషాల్లో ముగియాలి.
దాటితే తెర అంచు ఎర్రబడుతుంది,
పొయ్యి మీద మరిచిపోయిన పెనంలా.

పదకొండున్నరకు విల్మార్ ఎచెవెరీ.
లిఫ్టులు బాగుచేసేవాడట, రిటైరయ్యాడు.
"అమ్మాయ్, నా పుస్తకం పోయింది" అన్నాడు,
బస్సులో గొడుగు పోయిందన్నట్టు.

లైట్‌హౌసుల చరిత్ర. పద్నాలుగు గంటల ఆడియో పుస్తకం.
డబ్బు కట్టి కొన్నాడు. రసీదుంది.
అంకె తప్పకుండా నంబరు చదివాడు.
సోమవారం దాకా వినిపించింది.
మంగళవారం ఆ చోట ఓ బూడిదరంగు చదరం.

మూడో జవాబు చదివాను:
హక్కుదారుతో మా ఒప్పందం ముగిసింది,
మీరు కొన్నది పుస్తకం కాదండీ, వినడానికి అనుమతి.
మెత్తగా చదవాలని శిక్షణలో నేర్పారు,
కత్తికి వెన్న రాసినట్టు.

"లైట్‌హౌసులతో నాకేం పని?
నాకసలు సముద్రమే పడదు.
చదివింది నెల్బా. నా భార్య.
పోయి నాలుగేళ్లు."

నాలుగో జవాబు సంతాపం.
ఒకటిన్నర వాక్యం.

ఆయన వినిపించుకోలేదు.
"మొత్తానికి ఇంతని ఒక్కసారే ఇచ్చారు.
ఆ డబ్బుతో ఫ్రిజ్ కొన్నాం.
ఫ్రిజ్ ఇంకా నాదే. తలుపు తీస్తే వెలుగుతుంది.
ఎవరూ వచ్చి పట్టుకెళ్లలేదు.
గొంతు ఎవరిదంటావ్ మరి?"

కాగితం తిరగేశాను.
వెనక, పోయిన వారం క్యాంటీన్ మెనూ.

"ఏడో అధ్యాయంలో, తుఫాను అనే మాటకు ముందు
ఒక గుటక వేస్తుంది.
దాహమేసిందట. స్టూడియోకి గంటకింత అద్దె,
అందుకని ఆపమని అడగలేదు.
కత్తిరించేవాడు దాన్ని చూసుకోలేదు.
అదొక్కటి ఇప్పించు చాలు.
మిగతా పద్నాలుగు గంటలూ మీరే ఉంచుకోండి."

నేనేమీ అనలేదు.
ఆయనే మొదలుపెట్టాడు, ఏడో అధ్యాయం, కంఠతా.
సిగరెట్లు కాల్చి కాల్చి గరుకెక్కిన గొంతు,
కానీ ఆమె ఆగిన చోటే ఆగుతూ,
ఆమె సాగదీసిన చోటే సాగదీస్తూ.
కావలివాడి ఎనిమిదేళ్ల కూతురు
నూనె డబ్బా మోస్తూ మెట్లెక్కుతోంది.
నూట ముప్పై రెండు మెట్లు.
తెర ఎర్రబడింది. మరీ ఎర్రబడింది.
పక్క సీటులోంచి యామిలా కనుబొమ్మలెగరేసింది.
నా వేలు మీట మీదే ఉంది, నొక్కబుద్ధి కాలేదు.
పిల్ల పైకి చేరింది. కిటికీ తీసింది.

గుటక.

తుఫాను.

నాణ్యత కోసం ఈ సంభాషణ రికార్డవుతుందని
మొదట్లోనే చెబుతాం కదా, ఎవరూ వినరు.
తెల్లవారుజామున నాలుగింటికి
మనిషి లేని చెవి ఒకటి దాన్ని విని, పోల్చి, పట్టేసింది:
రక్షిత రచన. అనుమతి లేని పఠనం. పందొమ్మిది నిమిషాలు.
నా పేరు మీద ఒక హెచ్చరిక.
ఆయన ఖాతా మూత.
రికార్డు మాత్రం చెరపరు, అది కంపెనీ ఆస్తి.
అలా ఇద్దరూ వాళ్ల దగ్గరికే చేరారు,
వేరు వేరు అరల్లో,
తాళం ఒకటే.

ఉదయం ఇంటికెళ్లే బస్సు.
నది ఒడ్డున ఎవరో కుక్కతో నడుస్తున్నారు.
నివేదిక ఫోనులో తెరిచాను, వాక్యం వాక్యం పక్కన టిక్కులు.
అన్నీ సరిపోయాయట, ఒక్క చోట తప్ప:
"నిశ్శబ్దం. సెకనులోపు. లెక్కలోకి రాదు."

రెండుసార్లు చదివాను.
సీసా మూత తీసి
నీళ్లు తాగాను, మెల్లగా,
చప్పుడు వినపడేలా.