మంచు కొలత

జె.సి. రోడ్డులో మా కొట్టు ముందు ఆగింది
నా నడుము దాకా కూడా రాని పసుపుపచ్చ కారు.
దిగినాయన పేరు నిహాల్ పొన్నప్ప.
జనవరిలో సోన్‌మార్గ్ పోతాడట, దీంట్లోనే.
"ఇంకా వెడల్పువి వెయ్యండి మేడం,
వెడల్పైతే పట్టెక్కువ కదా" అన్నాడు.
ముబారక్ జాకీ వెతికే నెపంతో వంగి
నవ్వు దాచుకున్నాడు.

నేనూ మంచు చూసినదాన్ని కాను.
రసెల్ మార్కెట్లో చేపల కింద పరిచిన ఐసు,
నా ఎరుక అంతవరకే.
మా నాయన మాత్రం ద్రాస్‌లో పట్టాళం లారీ తోలాడు.
సెలవుకు హిందూపురం వచ్చినప్పుడల్లా
సంకటి ముద్ద ముందు పెట్టుకుని చూపించేవాడు:
అరచెయ్యి ఆనిస్తే పైనే ఆగిపోతుంది,
వేలు పెడితే దిగుతుంది అడుగుదాకా.
"మంచూ అంతే పాపా,
సన్నటిదే నేలను అందుకుంటుంది."

సుద్దముక్క తీసి గచ్చు మీద కూచున్నాను.
ఇప్పుడున్న వెడల్పు రెండొందల నలభై అయిదు,
అందులో నూటికి ముప్ఫై అయిదు వంతుల గోడ,
లోపల పంతొమ్మిది అంగుళాల రిమ్ము.
ఇంత పొట్టి గోడతో గుంతలో పడితే
దెబ్బ ముందు రిమ్ముకు, ఆపైన మీ వెన్నుకు.
వెడల్పు తగ్గిద్దాం, రిమ్ము దించుదాం, గోడ పెంచుదాం.
మొత్తం చక్రం ఎత్తు మాత్రం మారకూడదు.
మారిందా, మీటరు అబద్ధాలు మొదలెడుతుంది,
ఎనభైలో పోతుంటే డెబ్బై అయిదేనంటుంది.

రెండొందల ఇరవై అయిదు, యాభై, పదిహేడు.
కాగితం మీద మూడు మిల్లీమీటర్ల తేడా లేదు!
గర్వంగా లేచి చీర దులుపుకున్నాను.
ముబారక్ పదిహేడు రిమ్ము తెచ్చి తగిలించబోతే
లోపల ఎర్రగా కూచున్న బ్రేకు
టక్కుమని అడ్డం చెప్పింది.

లెక్క కుదిరినంత మాత్రాన చక్రం తిరగదు.
చెరిపేసి పద్దెనిమిది రాశాను,
యాభైని నలభై అయిదు చేశాను.
అయిదారు మిల్లీమీటర్లు ఎక్కువొచ్చాయి, ఓర్చుకోవచ్చు.
ఈసారి రిమ్ము తిరిగింది,
బ్రేకుకూ దానికీ మధ్య వేలు దూరేంత సందు.
"చూడ్డానికి సైకిలు చక్రాల్లా ఉంటాయేమో"
గొణిగాడు పొన్నప్ప.
"ఉంటాయి" అన్నాను.

ఇరవై రోజులకు దిగాయి నాలుగూ.
గోడ మీద మూడు శిఖరాల కొండ బొమ్మ,
దాని కడుపులో మంచుపువ్వు.
గోరు కూడా దూరని కోతలు, వేలకొద్దీ.
పుట్టిన వారం అంకెలు చూశాను, పాతవి కావు.
ఇక్కడ బిగించవద్దన్నాను.
మన తారు మీద ఈ మెత్తన
పెన్సిలు రబ్బరులా అరిగి పొట్టయిపోతుంది.
రిమ్ములకెక్కించి లారీలో జమ్ము పంపుతాను,
అక్కడ మార్చుకోండి.
రోజూ పొద్దున్నే గాలి చూసుకోండి,
చలికి అదీ ముడుచుకుంటుంది.
ఎంత చెట్టుకు అంత గాలి అంటారే,
మీ చెట్టుకెంతో తలుపు సందులో రాసుంది.

రాత్రి ఇంట్లో చూస్తే
కొంగుకు అంటుకుని వచ్చిందొకటి,
కొత్త టైరు మీది రబ్బరు వెంట్రుక.
చెప్పు కింద మామూలు టైరుది ఇంకొకటి దొరికింది.
రెంటినీ చిన్న గిన్నెలో వేసి
ఫ్రిజ్ పై అరలో, బఠాణీల పొట్లం పక్కన పెట్టాను.
మా ఆయన ఏమిటని అడగలేదు. అలవాటే.

తెల్లారి తలుపు తీస్తే గిన్నె చుట్టూ తెల్లటి పొడి.
మామూలుది కాసేపు మొరాయించింది.
రెండోది, కొండ బొమ్మ ఇంటిది,
చెప్పగానే వంగింది నా చూపుడువేలి చుట్టూ.

వేలే బిగుసుకుపోయింది.