పంచనామా

పల్లంకుర్రు దిగువన, దాళ్వా చేలో,
ఉదయం అయిదూ యాభై.
మంచు ఇంకా గట్టు దిగలేదు.
గోనెసంచి విప్పి లెక్కపెట్టాను.
పరజలు, పదకొండు.
ఒక్కోదాని కాలికి నైలాను ఉచ్చు
కడియంలా బిగిసి ఉంది.

"వృత్తి?"
"కౌలండి."
"ఎంత?"
"ఎకరంన్నర. అదీ ఈటి దయుంటే."
సంచి వైపు గడ్డం చూపించాడు
పెచ్చెట్టి నరసన్న.

చట్టం నాకు నోటికొచ్చు.
వేటంటే చంపడమొక్కటే కాదు.
పట్టడం, ఉచ్చు పన్నడం, గుళికలు చల్లడం,
ఆ పనికోసం తరమడం కూడా.
గూట్లో గుడ్డు కదిపినా వేటే.
చేను నీదే, నారు నీదే, కానీ
చట్టానికి గట్లుండవు.
అంతా ఒప్పజెప్పాను.

విన్నాడు. లుంగీ అంచుకి చేతులు తుడుచుకున్నాడు.
"మరైతే అమ్మా, ఇయ్యి ఎవరియ్యి?"
"వేటాడాక ప్రభుత్వ ఆస్తి."
"చచ్చాకా?"
"చచ్చాక."
"బతికుండగా నా ఊడుపు మేసినప్పుడు
గవర్నమెంటోరికి కబురందలేదా అండి?"

రెండో సాక్షి, టీకొట్టు భూషణం,
నవ్వాపుకోలేక దగ్గాడు.

నా ఫారంలో దానికి గడి లేదు.
చేలో ఉంది:
చాపంత చాపంత ఖాళీలు,
వాటిలో ఆకాశం తప్ప ఏమీ మొలవలేదు.
"మూడుసార్లు ఊడ్చామండి. డబ్బాలు కొట్టాం.
బొమ్మకి నా చొక్కాయే తొడిగాం.
దాని కాళ్లకాడే మేసీయి."

చట్టం వయసులో నాకంటే పెద్దదే.
మా అమ్మ వండిన పరజ పులుసు వాసన
నాకింకా గుర్తే.
అది నేనెక్కడా రాయలేదు.

సంతకాల వేళ సంచి కదిలింది.
పదకొండులో ఒకటి
లెక్కకి ఒప్పుకోలేదు.
బ్లేడుతో దారం కోశాను.
అరచేతిలో దాని గుండె
సైకిలు గంటలా ఆగకుండా.
"పదకొండు" కొట్టేసి "పది" రాసి
పక్కన పొడి సంతకం పెట్టాను.

వదిలితే కాలవ దాటిపోతుందనుకున్నాం.
అరచుట్టు తిరిగి
ఆ చేలోనే, ఆ ఖాళీ పక్కనే దిగి
నారు మొదట్లో ముక్కు పెట్టింది.

"హోయ్, హోయ్!"
బొటనవేలి సిరా ఆరకముందే
నరసన్న చప్పట్లు చరిచాడు.
పరజ లేచిపోయింది.
రెండు అరచేతులకీ నీలం అంటింది.

తరమడం.
కలం ఇంకా కాగితం మీదే ఉంది.
ఆయన చేతులు దాచుకున్నాడు.
భూషణం నా వంకే చూస్తున్నాడు.

పంచనామా ముగిసిన సమయం
ఆరూ నలభై, అని రాసి
కాగితం మడిచాను.