ఎనిమిదో నంబరు బిట్టు

నాలుగు బొక్కలు.
సుబ్బరత్నక్క ఫోన్లో అడిగింది అంతే.
"బోర్డు తగిలించాల అబ్బోడా, అరగంట పని,
రెండొందలిస్తా."

గిరింపేట సందులో ఒంటిగది అంగడి.
సున్నం మీద సున్నం కొట్టిన గోడ,
దానికి ఆనించి కొత్త బోర్డు, ఇంకా రంగు వాసన:
సుబ్బరత్న లేడీస్ టైలర్, జాకెట్లు ఒక్క రోజులో.

నాకు గోడలు తెలుసు.
బిట్టు కక్కే పిండిని చూసి చెప్తా.
ఎర్రగా రాలితే ఇటుక, మాట వింటాది.
బూడిదరంగైతే సిమెంటు, కాస్త బతిమాలాల.
తెల్లగా, ఉప్పు మాదిరి, చిటికెడు రాలి ఆగిపోతే
అది బండ.
దాని ముందర నా పద్దెనిమిదేళ్ల పని
మొన్న నేర్చినట్టే ఉంటాది.

మొదటి బిట్టు మొన ఎర్రబడి మొండైంది.
రెండోది టప్‌మని
సగం గోడలోనే ఉండిపోయింది.
మూడోదానికి సంతపేట దాకా పోయొస్తే
పగలు సగం పోయింది.

భుజమంతా వేసి నొక్కినా.
"నొక్కొద్దురా" అనేవాడు చెంగల్రాయప్ప, పని నేర్పినోడు,
"కొట్టేది మిషను. పట్టుకోడమే నీ పని."
ఆయన చెవుల్ని మిషనే తినేసింది.
చివరి రోజుల్లో గోడకి అరచెయ్యి ఆనించి
అదురుని వినేవాడు.

పక్కింటామె వచ్చి అరిచింది, బిడ్డ లేచిందని.
ఎదురింట్లో పటం ఒరిగిందంట.
ఆపినా.
మొన మీద నీళ్లు పోస్తే చుయ్‌మనింది.

ఊరికే కూర్చోలేక సున్నం గీకినా, గోటితో.
పెచ్చులు లేచిన చోట
వరసగా నిలువు గాట్లు, వేలంత పొడుగు,
నిలువునా చీల్చిన గొట్టాల మాదిరి.
ఎవడో ఉలి పెట్టి, సమ్మెట ఎత్తి
జానెడుకొక బొక్క తొలిచి, గూటాలు దిగ్గొట్టి
ఈ బండని కొండనుంచి విడదీసిన గుర్తులు.
వాడికి కూలి బొక్కకా, రోజుకా?

బోర్డుని నాలుగు వేళ్లు పక్కకి జరిపినా.
"తలుపుకి సరిగ్గా నడిమధ్యన ఉండాల" అనింది అక్క.
"రాయి ఇక్కడే వొప్పుకుంటా ఉండాదక్కా."

పాత గాటులో మొన ఆనించి
ముందు దెబ్బ లేకుండా వట్టి తిప్పుడే.
జారకుండా కుదురుకున్నాక
సుత్తి గుర్తు వైపు మీట తిప్పినా.
పిండి వచ్చింది,
సన్నగా, తెల్లగా, ఆగకుండా,
బిట్టుకి చుట్టిన పచ్చటేపు దాకా.

ఇంకా మూడు.

స్క్రూలు బిగించేసరికి వీధిలైటు వెలిగింది.
బోర్డు కొంచెం ఎడమకే ఉండాది.
అక్క చూసింది, ఏమీ అనలేదు.
రెండొందల మీద యాభై పెట్టి
నా చంక కింద చిరుగు చూసి
"చొక్కా విప్పి ఇట్టియ్యి" అనింది.

బనీనుతో గడప మీద కూర్చున్నా.
లోపల ఆమె కాళ్లు ఆడతా ఉండాయి,
సూది బట్టకి బొక్కలు పెడతా ఉండాది,
పిండి రాలకుండా.
నా చెవుల్లో ఇంకా బండే మోగతా ఉంది,
ఆ చప్పుడు అందలేదు.

గడపరాయికి అరచెయ్యి ఆనించినా.