రెండు పాయింట్ ఏడు

డాబాగార్డెన్స్ సందులో మెట్ల కింద నా బల్ల.
సోల్డరు పొగ పోవాలన్నా, ఉప్పుగాలి రావాలన్నా
ఉన్నది ఒకటే కిటికీ.
పట్టకారు కొసన ఇప్పుడొక చిప్పు,
సగం బియ్యపు గింజ, మూడు కాళ్లు.
తుమ్మితే పోతుంది. నిన్నొకటి పోయింది కూడా.
గచ్చంతా అయస్కాంతంతో గంటసేపు దేవులాడితే
చివరికి నా కుచ్చిళ్లలో దొరికింది.

ఎల్లాజీ వంగి చూసి నవ్వాడు.
"ఏటమ్మా, ఈ సీమంత పురుగా
నా వలకి కాపలా కాసీది?"

నాకు నవ్వు రాలేదు.
పోయిన కార్తీకంలో ఆ వలకి పెట్టె కట్టింది నేనే.
నీళ్ల మీద తేలుతూ, ఎర్రగా వెలుగుతూ ఆరుతూ
తానెక్కడుందో బోటుకి చెప్పుకునే పెట్టె.
బ్యాటరీ ఒక్కసారిగా చావదు.
దిగుతుంది, దిగుతుంది,
దిగేకొద్దీ లోపలి బుర్రకి మతి తప్పుతుంది.
అప్పుడైనా నోరు మూసుకుంటే బాగుండేది.
నిబ్బరంగా అబద్ధం చెప్పింది:
డాల్ఫిన్స్ నోస్‌కి తూర్పున ఉన్న వల
భీమిలి అవతల ఉందని.

రాత్రంతా డీజిల్ కాల్చారు.
తెల్లారి దొరికింది మూరెడు తాడు,
ఏ ఓడ పంకా కోసిందో, కొస చీలి ఉంది.
ఆ రాత్రి సరంగు కొర్లయ్య చుక్కాని వదల్లేదట.
పొద్దున్నే జెట్టీ మీద దిగి
మళ్లీ బోటెక్కలేదు.

ఈ మూడుకాళ్లదానికి వచ్చిన విద్య ఒక్కటే, కనిపెట్టుకుని ఉండటం.
దాని తిండి సగం మైక్రోఆంపియరు,
అంబలి కుండలో చిటికెనవేలు ముంచి నాకినట్టు.
బ్యాటరీకి తెలియను కూడా తెలియదు.

ఎల్లాజీ ముందే నాబ్ తిప్పాను.
మూడు. రెండు తొమ్మిది. రెండు ఎనిమిది.
రెండు ఏడు దగ్గర చిప్పు తన కాలు కిందికి లాగింది,
బుర్ర ఠక్కున ఆగింది.
తెర మీద అది చెప్పిన చివరి నిజం
అలాగే నిలబడింది.

"మరి పైకి తిప్పమ్మా."
రెండు ఏడు. లేవలేదు.
రెండు ఎనిమిది. లేవలేదు.
"పాడైపోనాదేటి?"
పాడవలేదు ఎల్లాజీ.
బరువు దించగానే బ్యాటరీ కాస్త తేరుకుని
నాకేం కాలేదంటుంది.
ఆ మాట నమ్మి బరువెత్తిస్తే మళ్లీ కూలుతుంది,
రాత్రంతా పడుతూ లేస్తూ ఉంటుంది.
అందుకే పడిన చోటికి వస్తే దీనికి చాలదు,
ఇంకాస్త పైకి రావాలి.
రెండు ఎనభై నాలుగు దగ్గర
ఎర్ర దీపం వెలిగింది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు.
"మొన్న కొర్లయ్యమామ ఎక్కినాడమ్మా,
బాగానే ఉన్నానన్నాడు.
హార్బరు నోరు దాటకుండానే
సేతులు ఒణికిపోనాయి."

నేను రెసిస్టరు కోసం డబ్బాలో వెతికాను.
ఈ చిప్పుకి కిందికి లాగడమే వచ్చు, పైకి ఎత్తడం రాదు.
ఎత్తడానికి పక్కనే ఒకటి ఉండాలి,
పెద్ద బలమేం అక్కర్లేదు,
వదలకుండా పట్టుకుంటే చాలు.
ఈ మాట ఎల్లాజీకి చెప్పలేదు.

సోమవారం నాలుగు పెట్టెలు గోనెసంచిలో వేసుకుని
నేనే ఫిషింగ్ హార్బరుకెళ్లాను.
ఐసు నీళ్లు, చేపల గంపలు, కాకుల గోల.
కొర్లయ్య ఒకటి చేతిలోకి తీసుకుని
కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపాడు.
"బేటరీ అయిపోతే?"
"ఆగిపోతుంది."
"అంతేనా?"
"అంతే. అబద్ధం ఆడదు."

నా మొహంలోకి చూశాడు.
ఆ పాత పెట్టె ఎవరు చేశారో అతనికి తెలుసు.
తర్వాత మోకాళ్ల మీద కూర్చుని
నాలుగింటికీ తనే తాళ్లు కట్టాడు,
ముడి మీద ముడి, పళ్లతో బిగించి.

బోటు కదిలింది. అతను ఎక్కలేదు.
ఎల్లాజీ రమ్మని పిలవనూ లేదు,
ఇంజను మాత్రం మెల్లగా పోనిచ్చాడు.
లంగరుతాడు విప్పిన కొర్లయ్య
దాని చివర చేతిలోనే ఉంచుకుని
జెట్టీ అంచుదాకా
బోటు పక్కనే నడిచాడు.