తేలిగ్గా తేలే పడవ

అట్ట వెనక ఓ మూలన అంకె ఉంటుంది:
మూడు, ఏడు, పన్నెండు.
చెప్పుల సైజులాగా.
మా కోల్బేన్‌కి అయిదున్నర. ఆ అంకె ఏ అట్ట మీదా లేదు.

ఈసాఫ్యోర్దుర్‌లో జనవరి.
సూర్యుడు కొండ వెనకే లేచి కొండ వెనకే పడుకుంటాడు.
పిల్లాణ్ణి బయట ఆడుకోమని ఎంతసేపని తరమను?
చేపల గోదాంలో పని దిగి, చేతులు రెండుసార్లు కడుక్కుని
పాత ఆటలమ్మే స్నైబ్యోర్న్ కొట్టుకి వెళ్ళాను.

తుపాకులు వద్దు. నెత్తురు వద్దు.
డబ్బు పోస్తే తప్ప తెరుచుకోని పెట్టెలు వద్దు.
ఓడినప్పుడల్లా వెక్కిరించే కోతులు అసలే వద్దు.
"వద్దన్నవి సరే స్టేనున్, ఏమున్నది కావాలి?" అన్నాడు.
దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మూడు తెచ్చాను.
వాడు నిద్రపోయాక సౌండు తగ్గించి ముందు నేనే ఆడాను,
పాలసీసాలోంచి ఓ చుక్క మణికట్టు మీద వేసుకుని
వేడి చూసుకున్నట్టు.
పొద్దంతా కాడ్ చేపల్ని తప్పు లేకుండా కోసే ఈ వేళ్ళు
ఒక్క కుందేలును గట్టు దాటించలేక
పన్నెండుసార్లు గుంటలో పడేశాయి.
నేనే ఏడ్చేట్టున్నాను. కుందేలు వద్దు.

ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు.
అది అన్నం సంగతి.
రెండో ఆటలో మొదటి గదంతా పూలతోట,
ఏడో గదిలో ఏముందో ఎవరికి తెలుసు?
ఒంటిగంట దాకా కూర్చున్నాను తెలుసుకోవడానికి.
ఏడో గదిలో భూతం. మూడు తలలు. మూడింటికీ ఆవలింతలు.
ఆ డిస్కు బీరువా పైకెక్కింది.

మిగిలింది పసుపు పడవ.
అంకె మూడు. గుండ్రటి అలలు, బుగ్గలున్న మేఘాలు,
ఎవరూ ఎవర్నీ కొట్టరు.
హమ్మయ్య అనుకుని పడుకున్నాను.

ఆదివారం పొద్దున వాడు దుప్పట్లోనే ఆట మొదలెట్టాడు.
నేను అట్లు పోస్తున్నాను.
నెలాఖరుకి సూర్యుడు కొండ దాటి వస్తే ఊరంతా అట్లు పోస్తుంది,
నాకు అంతవరకూ ఓపిక లేదు.
పడవ రాతికి కొట్టుకుంది. బుడుంగుమంది. రెండు బుడగలు.
వెంటనే పచ్చ బటన్ మెరిసింది.
నొక్కితే పడవ లేచింది, తడి కూడా అంటకుండా.
మళ్ళీ ముంచాడు. మళ్ళీ లేపాడు.
వీపు కదులుతుంటే నవ్వుతున్నాడనుకున్నాను.

"అమ్మా,
నాన్న పడవలో ఈ బటన్ ఎక్కడుంటుంది?"

అట్టు మాడింది.

థోర్గిల్ వేటకెళ్ళి పంతొమ్మిది రోజులు.
స్టవ్ ఆపేశాను. దుప్పట్లో చోటడిగి కూర్చున్నాను.
ఆ బటన్ ఉండదురా, అన్నాను.
నారింజరంగు సూటు ఉంటుంది, చలి దూరనిది.
తాడు లాగితే తనంతట తనే ఉబ్బే తెప్ప ఉంటుంది.
రేడియో ఉంటుంది.
రేడియోకి ఇటు చివర రాత్రంతా మేలుకునే ఒకావిడ ఉంటుంది.

వాడు చాలాసేపు ఆలోచించాడు.
"ఆవిడకి నిద్రొస్తే?"
కాఫీ తాగుతుంది.
"కాఫీ అయిపోతే?"
పక్కింటావిణ్ణి అడుగుతుంది.
దాంతో కాస్త నమ్మకం కుదిరినట్టుంది. మాడిన అట్టే తిన్నాడు.

సాయంత్రం బీరువా పైన ఏముందన్నాడు. దించాను.
ఏడో గది రాగానే నా చెయ్యి వాడి కళ్ళ మీదికి వెళ్ళింది,
తోసేశాడు.
భూతాన్ని చూసి పడీ పడీ నవ్వాడు.
మూడు తలలకీ పేర్లు పెట్టాడు, మధ్యదానికి నాది.
భూతాలు లేవని వాడికి తెలుసు.
సముద్రం మా కిటికీలోంచి కనిపిస్తుంది.

సోమవారం పసుపు పడవ వెనక్కి పట్టుకెళ్ళాను.
స్నైబ్యోర్న్ అట్ట తిరగేసి అంకె చూశాడు,
కళ్ళజోడు పైకి నెట్టి మళ్ళీ చూశాడు.
"మూడేళ్ళవాళ్ళది. దీన్లో ఏం తప్పుంది?"

తప్పేం లేదు, అన్నాను.
మరీ తేలిగ్గా తేలుతోంది.