మూడు వేళ్ల బోర్డు

ఫ్లెక్సీలొచ్చినంక నా కుంచెలు
అటక మీద ఎండి కట్టెలైనయి.
ఏడేండ్లకు ఒక మనిషి కబురు పెట్టిండు:
మిర్యాలగూడ, అద్దంకి రోడ్డు, ఉప్పుడు బియ్యం మిల్లు.
"తనిఖీకి సారొస్తుండు జానయ్యా,
నాలుగు సేఫ్టీ బోర్డులు పడాలె గోడకు.
ఫ్లెక్సీ కడితే బాయిలర్ సెగకు నెలల చీకిపోతది."

పసుపు నేల మీద ఎర్రక్షరాలు,
అక్షరం అక్షరానికి నల్లటి నీడ.
"భద్రతయే మన ప్రథమ కర్తవ్యము."
ఆఖరి కొమ్ము తిప్పుతుంటే నా చెయ్యికి
సినిమా బోర్డుల కాలం యాదికొచ్చింది.
కరెంటు డబ్బా మీద ఒక పుర్రె, రెండు బొక్కలు.
ఓనరు బాగుందన్నడు.
సారు ఫోటో తీసుకున్నడు.
బోర్డు చేసే పని ఆన్నే అయిపోయింది.

పగటీలి ఆ గోడ కిందనే సద్దులిప్పిన్రు.
బీహార్ నుంచొచ్చిన హమాలీ పిలగాడు మంగల్
ఎర్రక్షరాలు చూసి అడిగిండు:
"చాచా, ఇది ఏ పార్టీ?"
తెల్లారేసరికి పుర్రె నోట్లె
ఎవలో బీడీ గీసిన్రు.

సైదమ్మ నవ్వలే.
తౌడు ఊడ్చే చీపురు ఆమె ఎడమ చేతిల ఉన్నది.
కుడి చేతికి మూడే వేళ్లు.
"నాకు చదువరాదు పెయింటరన్నా.
వచ్చినా, నిలబడి చదివితే కూలెవడిస్తడు?
బెల్టు ఏడున్నది, నీ బోర్డు ఏడున్నది?
తలకాయెత్తి చూసేకాడ రాసినవు.
మేం తలకాయెత్తేది
మిల్లు బందైనప్పుడే."

మర్నాడు కుంచె లేకుండ పోయిన.
సగం బస్తా వీపుకెత్తుకొని నడిచిన:
ముందటోని మడిమలు, మెట్టు అంచు,
గోడల మోకాలెత్తు ముక్క.
గంతే లోకం.
ఎలివేటర్ గుంత కాడ చీపురు పట్టి కూసున్న:
పుల్లీ అడుగు, బెల్టు, నా నీడ.
ముప్పై ఏండ్లు గోడలకు రాసిన,
చూసేటోని మెడ ఎటు వంగుతదో
ఒక్కనాడు చూడలే.

గందుకే ఈసారి మోకాలెత్తుల గీసిన.
ఒక కొంగు. ఆకుపచ్చది, పసుపంచుది,
ఆడ ఊడ్చేటోళ్లు కట్టేలాంటిది.
బెల్టుకు మూడంగుళాల దూరంల
గాలికి లేసిన కొంగు.
అక్షరం లేదు. నెత్తురు గీయలే.
నెత్తురు గీస్తే కండ్లు మూసుకుంటరు,
గీయకుంటే
మిగిలింది వాళ్లే గీసుకుంటరు.

స్విచ్చి పక్క గోడకు ఏం గీయాల్నో తోచలే.
సైదమ్మ జరసేపు చూసి
కుడి చెయ్యి ఎర్రరంగుల ముంచి
గోడకు ఒత్తింది.
రెండు వేళ్ల జాగల
సున్నం సున్నం లెక్కనే ఉన్నది.

సోమవారం బాకీ పైసలకు పోతే
ఆ చేతికి బంతిపూల దండ,
గోడ పగుల్ల ఊదుబత్తి.
పీరీల పంజాను మొక్కినట్టు మొక్కి
నడిచే బెల్టు మీదికెల్లి దాటుతుండ్రు,
ఇగ ఏం కాదన్న ధైర్యంతోటి.
మిల్లంత ఊక దుమ్ము, అండ్ల నిప్పు!
సైదమ్మ ఉరికొచ్చి మిగిలిన వేళ్లతోటే
ఊదుబత్తిని నలిపేసింది.
"నాకు దండమెందుకుర?
స్విచ్చి బంద్ చేయున్రి!"

ఆ సాయంత్రమే చేతి మీద సున్నం కొట్టిన.
మొక్కినా, అలవాటైనా
బొమ్మ గోడల కలిసిపోతది.
మళ్ల రంగు కలిపిన.
ఈసారి గోడకు కాదు,
మిషను ఆపే పెద్ద మీట మీద,
అరచెయ్యంత రేకు పలక మీద
ఒత్తమన్న ఆమె చేతిని.
ఇగ బెల్టు ఆపాల్నంటే
ఎవని అయిదు వేళ్లైనా
ఆ మూడు వేళ్ల మీద పడాలె.

మంగల్ ఒత్తిండు.
బెల్టు మెల్లగ ఆగింది.
చెయ్యి వెంటనే తియ్యలే పిలగాడు.
రంగు లేని కాడ రెండు వేళ్లు
జరుపుకుంటనే ఉన్నడు, ఏడ పెట్టాల్నో తెల్వనట్టు.

నిన్న ఓనరు ఫోన్ చేసిండు:
సారు మళ్లొస్తుండట,
"ప్రథమ కర్తవ్యము" కాడ రంగు పోయిందట, దిద్దాల్నట.
దిద్దుత.
సారుకు సుత ఒక బోర్డు కావాలె గద.