కొలత

టౌన్‌హాలుకి తెల్లగుడ్డ తీసుకొని రమ్మంటే
ఎవరో పోయారనుకున్నా.
స్టోన్‌హౌస్‌పేట నించి సైకిలు మీద
నాలుగు గజాల గుడ్డ, డబ్బా పిన్నీసులు.

పోయినోళ్లు ఎవరూ లేరు.
గోడకి ఒక ఆడమనిషి,
పీట మీద కూర్చోని తల ఆరబెట్టుకుంటా ఉంది.
ఒంటి మీద నూలుపోగు ల్యా.
పదిమంది పెద్దమనుషులు
ఆమెకి వీపులు పెట్టి
ఆమె గురించే అరుస్తుండారు.

"పెంచలయ్యా, మెడ కాడ నించి మోకాళ్ల దాకా మూసెయ్.
నాలుగింటికి రిబ్బను కోస్తారు."

బొమ్మేసిన కావలి డ్రాయింగ్ టీచరమ్మ
మూల కుర్చీలో. టీ చల్లారిపోయుండాది.
"మెల్లిగా అన్నా, పొట్ట కాడ రంగింకా ఆరలా" అనింది.
అంతే అనింది.

మూయాలంటే కొలవాలి గదా.
కొలవాలంటే చూడాలి.
ఆ హాల్లో ఆమెని నిండుగా చూసింది
నేనొక్కణ్ణే, కూలికి.

జానతో కొలిచినా, గాల్లోనే, తగలకుండా.
జబ్బ మీద టీకా మచ్చ, రూపాయంత.
బొడ్డు కింద చారలు,
మే నెల పెన్నలో నీళ్లు
ఇసకలో ఒకదాన్నొకటి ఎతుక్కుంటా పోయినట్టు.
పెద్దాసుపత్రి కుట్లు, వంకరగా.

మా కామాక్షికీ ఉంటాయి కాబోలు.
ముగ్గురు బిడ్డలు, ఇరవై రెండేళ్లు,
ఒక్కనాడూ లైటేసి...
సరే, అదట్టా పోనీ.

పిన్నీసు ఫ్రేములో దిగలా. మేకు కొట్టినా.
పైన మొహం, కింద పాదాలు, నడాన తెల్లగుడ్డ.
సెలూన్లో క్రాపుకి కూర్చున్నట్టుంది పాపం.
వచ్చినోళ్లంతా ఆ గుడ్డ ముందే నిలబడ్డారు.
పక్కన మైపాడు అలలు, పడవలు,
వాటి మొహం చూసినోడు ల్యా.

మూడో రోజు ఇప్పితే
గుడ్డ నడాన అరచేతంత చామనచాయ మరక,
దాంట్లో మూడు చారలు.

కామాక్షి కిరసనాయిలేసి రుద్దింది, సబ్బేసి రుద్దింది.
రుద్దతా రుద్దతా ఆగి
ఒక చార మీద వేలు పెట్టి, చివరిదాకా పోనిచ్చింది.
నా పక్క చూసింది.
సబ్బు తీసి గట్టు మీద పెట్టేసింది.

ఓనరు నూటయాభై కోసుకున్నాడు.
గుడ్డ మాత్రం ఊరంతా తిరగతానే ఉంది,
పెళ్లిళ్లకి, సంతాప సభలకి.
మొన్న ఆ పదిమందిలో ఒకాయనకి సన్మానమైతే
కుర్చీ ఎనక కట్టినా.

మరక లోపలికి మడిచి కట్టొచ్చు.
మడవలా.